స్టే ఇస్తే తేదీ కూడా ఇవ్వాలి

‘పైనుంచి స్టే వచ్చింది, ఇక ఇప్పట్లో రానక్కర్లేదు.’ గురజాల కోర్టులోనైనా, నరసరావుపేట కోర్టులోనైనా సాక్షికి ఈ మాట చెప్పి పంపిస్తుంటే నా కడుపు మండుతుంది. పనులు మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, భయాన్ని దిగమింగుకుని వచ్చిన మనిషి అతను. మళ్లీ ఎప్పుడు రావాలో అతనికి చెప్పేవాళ్లుండరు.

నిజానికి చట్టం ఈ జబ్బును ముందే ఊహించింది. విచారణ మధ్యలో ఇచ్చే చిల్లర ఉత్తర్వుల మీద రివిజన్ కుదరదని 1973 నాటి నేర విచారణ స్మృతి 397(2) సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) కూడా 438(2)లో అదే చెబుతోంది. అయితే ముద్దాయి హక్కుల్ని తేల్చేసే ఉత్తర్వులకు ఈ అడ్డంకి వర్తించదని 1977లోనే అమర్‌నాథ్, మధు లిమాయే కేసుల్లో సుప్రీంకోర్టు అంది. అది ధర్మమే. ఆధారం లేకుండా అభియోగం మోపితే ఒక అమాయకుడు ఏళ్లపాటు కోర్టు చుట్టూ ఎందుకు తిరగాలి? కానీ అమాయకుడి కోసం తెరిచిన ఆ తలుపులోంచి డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లే ఎక్కువగా దూరుతున్నారు. డిశ్చార్జి పిటిషన్ కొట్టేస్తే రివిజన్, అదీ పోతే క్వాష్ పిటిషన్. ఏదో ఒక మెట్టు మీద స్టే దొరికితే చాలు, కింద కేసు పడుకుంటుంది.

ఈ పడకకు గడువు పెట్టాలని 2018 మార్చి 28న ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ప్రయత్నించారు. కారణాలు రాసి పొడిగిస్తే తప్ప ఆరు నెలలకు స్టే దానంతటదే పోతుందన్నారు. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అవతలివాళ్ల మాట వినకుండా స్టే పోవడం అన్యాయమన్న వాదనను నేను కాదనను. మరి సాక్షి సంగతేమిటి? ఆ తీర్పులో అతనికి దక్కిందేమీ లేదు.

పల్నాడులో సాక్షి అంటే పక్కవీధి మనిషే. ముద్దాయి వర్గం పొలం పక్కనే అతని పొలం, ఇద్దరికీ సాగర్ కుడికాలువ నీళ్లే ఆధారం. కేసు మూలపడ్డ ఏళ్లలో ఊరి పెద్దలు రాజీ మాటలు తెస్తారు, పిల్లల పెళ్లిళ్లు అడ్డొస్తాయి, బెదిరింపులూ వస్తాయి. స్టే తొలగేసరికి బోనెక్కిన మనిషి ‘నేను చూడలేదు’ అంటాడు. వ్రాతలో అతను ఎదురుతిరిగిన సాక్షి. అతన్ని అలా చేసింది మాత్రం మన జాప్యమే.

పై కోర్టులకు తీరిక లేదంటే నేను ఒప్పుకోను. 2024 మే 13న రెంటచింతల మండలం పాల్వాయి గేటు 202వ పోలింగ్ కేంద్రంలో ఈవీఎం పగిలిన కేసు చూడండి. అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డికి మే 23న హైకోర్టు అరెస్టు నుంచి మధ్యంతర రక్షణ ఇచ్చింది. జూన్ 3న సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టి, మర్నాడు ఓట్ల లెక్కింపు కేంద్రం దరిదాపులకు కూడా వెళ్లొద్దని ఆయన్ను ఆదేశించింది. ముందస్తు బెయిలు సంగతి తేల్చమని హైకోర్టుకు చెప్పింది. జూన్ 26న హైకోర్టు బెయిలు నిరాకరించింది. ఆయన దోషా కాదా అన్నది విచారణ కోర్టు తేల్చాలి. నేను చూసేది వేగాన్ని. హైకోర్టు ఉత్తర్వు పదకొండు రోజుల్లో ఢిల్లీలో సమీక్షకు నోచుకుంది. పేరులేని కూలీ కేసుకు ఆ పదకొండు రోజులు ఎందుకు దొరకవు?

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఆ స్టే కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. రాష్ట్రంలో తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం తెచ్చుకున్నాం. 348వ అధికరణం పేరు చెప్పి హైకోర్టు భాషను మాత్రం జనానికి దూరంగానే ఉంచాం. తన ఇంటి మనిషిని పోగొట్టుకున్న తల్లి, కేసు ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి ప్లీడరు గుమాస్తాను బతిమాలుకోవాలా?

అడిగేది పెద్ద కోరికేం కాదు. క్రిమినల్ విచారణను ఆపే ప్రతి ఉత్తర్వులో కారణమూ, మళ్లీ వినే తేదీ రెండూ ఉండాలి. ఆ తేదీకి ముద్దాయి తరఫు లాయరు వాయిదా అడిగితే ఇవ్వకూడదు. ఉత్తర్వు తెలుగు ప్రతిని ఫిర్యాదుదారుకు వారంలోగా పంపాలి. ఇందుకు పార్లమెంటు కదలనక్కర్లేదు, నేలపాడులోని మన హైకోర్టు తలుచుకుంటే చాలు. తలుచుకునేదాకా ఈ శీర్షికలో అడుగుతూనే ఉంటాను.