ముస్తఫా గేమ్‌కు షట్టర్ ఉండేది



జపాన్‌లోని ఒసాకా షహర్‌లో క్యాప్‌కామ్ అనే కంపెనీ ఉంది. 1993లో ఆ కంపెనీ ఒక వీడియో గేమ్ తయారు చేసింది. పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. అందులో ఆడేవాళ్ళు ఎంచుకోవడానికి నలుగురు పాత్రలు. వాళ్ళలో పసుపు టోపీ పెట్టుకుని, పరుగున వచ్చి ఎగిరి తన్నేవాడి పేరు ముస్తఫా కైరో. అంతే, మన ముల్క్‌లోనూ పక్కనున్న పాకిస్తాన్‌లోనూ ఆ గేమ్ అసలు పేరు ఎవరూ పట్టించుకోలేదు. గల్లీ గల్లీలో అది 'ముస్తఫా గేమ్' అయిపోయింది. సినిమాల్లో మన పేరున్నవాడు విలన్ వెనకాల కత్తి పట్టుకుని నిలబడే జమానాలో, ఆ డబ్బాలో మన పేరున్నవాడు హీరో. రమణయ్య కొడుకైనా, జోసెఫు కొడుకైనా, మస్తాన్ కొడుకైనా ముందు ముస్తఫానే కావాలని కొట్లాడుకునేవాళ్ళు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా హనుమంతునిపాడు వైపు ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే షికాయత్: "పిల్లోడు ఫోన్ వదలడం లేదు." కనిగిరిలో ఖాలా ఇంటికి వెళ్ళినా అదే, మార్కాపురంలో నికాహ్‌కి వెళ్ళినా అదే. వానలు నమ్ముకోలేని ఇలాకా మనది. రోజీ కోసం అబ్బా బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. రాత్రి వీడియో కాల్‌లో అబ్బా ముఖం కనిపించేది ఆ ఫోన్‌లోనే, కాల్ అయిపోయాక ఆట మొదలయ్యేదీ ఆ ఫోన్‌లోనే. అమ్మీ లాక్కుందామంటే "అబ్బా ఫోన్ చేస్తాడు కదా" అని జవాబు తయారుగా ఉంటుంది. ఇంక ఆమె ఏం చేయాలి?

మన పెద్దలు ఇల్జామ్ మొత్తం గేమ్ మీద వేస్తున్నారు. ఇది ఇన్సాఫ్ కాదని నా రాయ్. పిల్లవాడు ఏం ఆడుతున్నాడు అన్నదానికంటే ఎక్కడ ఆడుతున్నాడు, ఎవరి మధ్య ఆడుతున్నాడు, ఎప్పుడు ఆపుతున్నాడు అన్నవి పెద్ద సవాళ్ళు. వీడియో గేమ్‌లకు పుట్టిల్లు లాంటి జపాన్ ఈ సవాళ్ళను మనకంటే 40 ఏళ్ళ ముందే ఎదుర్కొంది. అక్కడేం జరిగిందో కొంచెం చూద్దాం.

1978లో టైటో అనే జపాన్ కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' గేమ్ తెచ్చింది. 100 యెన్‌ల నాణెం వేస్తే ఒక ఆట. ముల్క్ మొత్తం ఊగిపోయింది. టీ, కాఫీ హోటళ్ళలో బల్లలు తీసేసి ఈ గేమ్ ఉన్న బల్లలు వేశారు. అక్కడి తల్లిదండ్రులకూ మనలాగే ఫికర్ పట్టుకుంది. చదువు పాడవుతుందన్నారు, నాణేల కోసం పిల్లలు చెడు దారి పడతారన్నారు. హుకూమత్ గేమ్ సెంటర్లను మూయించలేదు, వదిలెయ్యనూ లేదు. 1985 నుంచి వాటిని ఒక కానూన్ కిందికి తెచ్చింది. లైసెన్స్ తీసుకోవాలి. అర్ధరాత్రి దాటాక మామూలుగా షట్టర్ దించాలి. 18 ఏళ్ళలోపు పిల్లలు రాత్రి 10 తర్వాత ఉండకూడదు. 16 ఏళ్ళలోపు పిల్లలు సాయంత్రం దాటాక పెద్దలు తోడు లేకుండా ఉండకూడదు. ప్రాంతాన్ని బట్టి ఈ వేళలు కొంచెం అటూ ఇటూ మారతాయి, కానీ హద్దు అంటూ ఒకటి ఉంది.

కానూన్ బయటి గోడ మాత్రమే. లోపల ఆడేవాళ్ళు తమ తహజీబ్ తామే తయారు చేసుకున్నారు. 1991లో క్యాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ 2' తెచ్చాక, రెండు మెషీన్లను వీపులు ఆనించి పెట్టడం అక్కడ రివాజ్ అయింది. ఇటువైపు ఒకడు, అటువైపు ఇంకొకడు. ముందు ముఖం కనిపించదు, చేతి హునర్ కనిపిస్తుంది. ఓడినవాడు లేస్తాడు, వెనకాల నిలబడ్డవాడు కూర్చుంటాడు. చాలా గేమ్ సెంటర్లలో ఒక నోట్‌బుక్ కూడా పెట్టేవారు. వచ్చినవాళ్ళు అందులో కబుర్లు, బొమ్మలు, చిట్కాలు, సవాళ్ళు రాసి పోయేవారు. ఒకరి పేరు ఒకరికి తెలియని పిల్లల మధ్య ఆ పుస్తకం వల్ల దోస్తీ కుదిరేది. చిన్నవాడు పెద్దవాడి వెనకాల గంటలకొద్దీ నిలబడి చూసి నేర్చుకునేవాడు. ఉస్తాద్, షాగిర్ద్ అని పిలుచుకోకపోయినా జరిగేది అదే.

అలాంటి తాలీమ్ ఎంత దూరం తీసుకెళ్తుందో లాహోర్ కుర్రవాడు అర్సలాన్ సిద్దిఖీ చూపించాడు. 'అర్సలాన్ యాష్' అంటే గేమ్‌లు ఆడే పిల్లలందరికీ తెలుసు. లాహోర్ గల్లీల్లోని గేమ్ షాపుల్లో చేయి తిరిగినవాడు. 2019 ఫిబ్రవరిలో వీసా కష్టాలు పడి జపాన్‌లోని ఫుకువోకా చేరి, జపాన్ కంపెనీ తయారు చేసిన 'టెక్కెన్ 7'లో జపాన్, కొరియా ఉస్తాదులను ఓడించి 'ఈవో జపాన్' గెలిచాడు. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికా వెళ్ళి అక్కడి 'ఈవో' కూడా గెలిచాడు. దునియా ఆశ్చర్యపోతే అతను చెప్పింది ఒక్కటే: మా దగ్గర ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని. ఒంటరిగా గదిలో కూర్చుంటే ఆ ధీమా రాదు. పక్కన దోస్తులు, ఎదురుగా తనకంటే మంచిగా ఆడేవాడు ఉంటేనే వస్తుంది.

ఇప్పుడు జపాన్‌లో కూడా ఆ దుకాణాలు తగ్గిపోతున్నాయి. 1986లో సుమారు 26 వేల గేమ్ సెంటర్లు ఉంటే, 2019 నాటికి 4 వేల దగ్గరికి వచ్చాయి. ఇళ్ళల్లోకి ప్లే స్టేషన్ వచ్చింది, చేతిలోకి ఫోన్ వచ్చింది. ఇంకో కారణం ఆ నాణెంలోనే ఉంది. 1978లో ఆటకు 100 యెన్‌లు, 40 ఏళ్ళ తర్వాత కూడా చాలా చోట్ల 100 యెన్‌లే. మధ్యలో 1989లో 3 శాతంతో మొదలైన అమ్మకం పన్ను 2019కి 10 శాతం అయింది. నాణెం వేసే కంతలో 110 యెన్‌లు ఎలా తీసుకుంటారు? ఆ బరువంతా దుకాణందారే మోశాడు. ఆ పైన కరోనా వచ్చింది. 2020లో టోక్యోలోని అకిహబారాలో పేరున్న సెగా గేమ్ సెంటర్ ఒకటి మూతపడింది. అదే సంవత్సరం సెగా తన గేమ్ సెంటర్ల వ్యాపారంలో ఎక్కువ వాటాను జెండా అనే కంపెనీకి అమ్మేసింది. మిగిలింది 2022లో అమ్మాక బోర్డుల మీద సెగా పేరు పోయి 'గీగో' అని వచ్చింది.

ఇక మన వైపు మాట. చిన్న టౌన్లలో 1990లలో, ఆ తర్వాత కొన్నేళ్ళు, వీడియో గేమ్ షాపులు ఉండేవి. ఇరుకు గది, రెండు మూడు డబ్బాలు, రూపాయి బిళ్ళ. వాటి మీద బద్నామ్ ఊరికే రాలేదు. స్కూల్ ఎగ్గొట్టినవాళ్ళు అక్కడే దొరికేవాళ్ళు, బీడీ వాసన ఉండేది, అబ్బా జేబులో చిల్లర మాయమయ్యేది. ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ షాపులో ఫోన్‌లో లేనివి నాలుగు ఉండేవి. ఒకటి, రూపాయి అయిపోతే ఆట అయిపోయేది. రెండు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భాయ్‌కి నువ్వు ఫలానావాళ్ళ అబ్బాయివని తెలుసు, సాయంత్రానికి ఇంటికి ఖబర్ చేరేది. మూడు, భుజం రాసుకుంటూ పక్కన దోస్త్ ఉండేవాడు. నాలుగు, రాత్రికి షట్టర్ పడేది.

ఫోన్‌కు షట్టర్ లేదు. ఇషా అయినా, తహజ్జుద్ వేళ అయినా దుప్పటి కింద వెలుగుతూనే ఉంటుంది. చేతిలో రూపాయి తగ్గడం కళ్ళకు కనిపించదు, యూపీఐ పిన్ తెలిస్తే చాలు. ఓడినప్పుడు ఎదుటివాడి ముఖం చూసి నవ్వేయడం ఉండదు, తెలియనివాడితో ఇయర్‌ఫోన్‌లో బూతులు తిట్టుకోవడమే.

"అయితే హుకూమత్ బంద్ పెట్టొచ్చు కదా" అంటారు. పెట్టింది. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీని ఆపింది. 2021లో అదే గేమ్ బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022లో దాన్నీ ఆపారు, 2023లో మళ్ళీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపితే పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు మారిపోయారు. ఒక తలుపు మూస్తే పిల్లలు ఇంకో తలుపు చూసుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం బంద్‌ను నేను పూర్తిగా సమర్థిస్తాను. పైసలు పెట్టి ఆడే ఆటలు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని ఆపడానికి కానూన్ తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పైసల ఆటలను దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఈ తేడా మనకు కొత్తది కాదు. మైసిర్ హరాం అని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పందెం ఉంటే జూదం, పందెం లేకపోతే ఖేల్. జపాన్‌లో కూడా ఈ గీత గీశారు. గేమ్ సెంటర్‌లో బొమ్మలు పట్టే క్రేన్ ఆట ఉంటుంది. దాని బహుమతి ధర సుమారు 1,000 యెన్‌లు దాటకూడదు, నగదు ఇవ్వకూడదు. అదే జపాన్‌లో పచింకో అనే ఆట బహుమతులను పక్క దుకాణంలో నగదుగా మార్చుకునే వెసులుబాటుతో ఎన్నో ఇళ్ళను ముంచింది. గీత ఉన్నచోట కుటుంబాలు వచ్చాయి, గీతను దొడ్డిదారిన దాటినచోట ఇళ్ళు మునిగాయి.

"గేమ్ ఎందుకు, మైదానంలో కబడ్డీ ఆడుకోమను" అనే చాచాలకు నా జవాబు: తప్పకుండా ఆడాలి. కానీ ఏప్రిల్, మే ఎండల్లో మన వైపు మధ్యాహ్నం మైదానంలోకి ఎవరు వెళ్తారు? ఆడపిల్లలకు ఆ మైదానం ఎప్పుడు దొరికింది? పాత గేమ్ షాపుల్లోనూ వాళ్ళకు చోటు లేదు. జపాన్‌లో కూడా మొదట్లో గేమ్ సెంటర్ అంటే మగపిల్లల అడ్డానే. క్రేన్ ఆట, 1995లో వచ్చిన స్టిక్కర్ ఫొటో మెషీన్ ఆడపిల్లలనూ అమ్మలనూ లోపలికి తెచ్చాయి. ఆడవాళ్ళు, కుటుంబాలు వచ్చాక ఆ చోటు మాహోల్ మారింది. మనం చోటు ఇవ్వకపోతే మన బేటీ కూడా ఆ దుప్పటి కిందే ఆడుతుంది.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో ఆట అంటే హాల్లోనే, అందరి ముందే. దుప్పటి కింద, తలుపు మూసి, కుదరదు. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా అని ఒక వక్త్ పెట్టండి. అజాన్ వినిపిస్తే షట్టర్ పడినట్టే. అబ్బా కాల్ వచ్చే ఫోన్‌లో గేమ్ ఉండకూడదు. గేమ్ ఉన్న ఫోన్‌లో యూపీఐ ఉండకూడదు. ఒంటరిగా ఆడేదానికంటే ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే గేమ్ ఎంచుకోండి, రెండో రిమోట్ మీరే పట్టుకోండి. ఓడిపోండి, పర్వాలేదు.

మహల్లాలో చేయాల్సింది ఇంకొకటి ఉంది. షాదీఖానా ఉన్న ఊళ్ళల్లో పెళ్ళిళ్ళు లేని ఆదివారాలు అది ఖాళీగానే ఉంటుంది. ఒక పాత టీవీ, నాలుగు రిమోట్‌లు, రెండు క్యారమ్ బోర్డులు, ఒక నోట్‌బుక్. మగపిల్లలకు ఒక పూట, ఆడపిల్లలకు ఒక పూట. గల్లాపెట్టె దగ్గర భాయ్ బదులు ఒక పెద్దాయన, ఒక ఆపా కూర్చుంటే చాలు. పది ఇళ్ళవాళ్ళు చందా వేసుకుంటే ఒక వలీమాలో బిర్యానీ ఖర్చంత కూడా కాదు. ముతవల్లీ సాబ్‌ను, కమిటీ పెద్దలను ఈ జుమా తర్వాత అడగండి. వాళ్ళు కాదంటే ఎవరి వరండాలోనైనా మొదలుపెట్టండి.