లారీకి ఏటా పరీక్ష ఉంది, డ్రైవర్ రికార్డు ఎవరు చూస్తున్నారు?

దాళ్వా మాసూళ్లు దగ్గరకొచ్చాయి. ఇంకో రెండు వారాల్లో మన ద్రాక్షారామం చుట్టుపక్కల రోడ్లన్నీ ధాన్యం లారీలే. ధర గురించి, తేమ శాతం గురించి, గోనె సంచుల గురించి ఎన్నోసార్లు రాశాను. ఈసారి ఆ లారీ తోలే మనిషి గురించి, ఇంకా చెప్పాలంటే ఆ మనిషిని బండెక్కించే యజమాని గురించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

లారీ సంగతి చూడండి. ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఎఫ్‌సీకి తీసుకెళ్లాలి. బ్రేకులు, లైట్లు, టైర్లు అన్నీ చూస్తారు. ఇన్సూరెన్సు ఏటా కట్టాలి. ధాన్యం తోలే బండికి జీపీఎస్ ఉండాలని కూడా అన్నారు. అంటే మన బస్తా ఎక్కడిదాకా వెళ్లిందో తెలియాలన్నమాట. మంచిదే. మరి స్టీరింగు పట్టుకున్న మనిషి సంగతో? ట్రాన్స్‌పోర్టు లైసెన్సు పూర్వం మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, 2019 సవరణలో దాన్ని ఐదేళ్లు చేశారు. పెట్రోలు, గ్యాసు లాంటి ప్రమాదకరమైన సరుకు తోలేవాళ్లకి మాత్రం ఏడాదే గడువు, ఒకరోజు రిఫ్రెషర్ క్లాసుకి వెళ్తేనే రెన్యువల్. నాకు తెలిసి మన చట్టంలో డ్రైవర్‌ని ఏటా ఒకసారి పిలిచి చూసే పద్ధతి అదొక్కటే. దాన్నీ అదే సవరణలో మూడేళ్లకి జరిపేశారు. గ్యాసు ట్యాంకర్లు తిరిగే గోదావరి జిల్లాల్లో కూర్చుని ఈ మాట రాస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

మా పెద్దమ్మగారి మనవడు అమెరికాలో ఒక లారీల కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు. మొన్న ఫోన్లో వాళ్ల పద్ధతి అడిగితే చెప్పాడు. అక్కడ కేంద్ర ప్రభుత్వం రూలు ఒకటుంది, నంబరు 391.25. లారీల కంపెనీ తన దగ్గరున్న ప్రతి డ్రైవర్ రికార్డునీ 12 నెలలకోసారి తక్కువ కాకుండా, లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం నుంచి తెప్పించుకోవాలి. తెప్పించి బీరువాలో పడేస్తే చాలదు, చదవాలి. అతివేగం, అడ్డదిడ్డంగా నడపడం, తాగి నడపడం, ఇలాంటివి ఉంటే వాటికి ఎక్కువ విలువిచ్చి ఈ మనిషిని ఇంకా బండెక్కించవచ్చా లేదా తేల్చాలి. ఎవరు చదివారు, ఏ తేదీన చదివారు అని రాసి డ్రైవర్ ఫైల్లో పెట్టాలి. ఒక్క లారీ కొనుక్కుని తనే తోలుకునేవాడు కూడా తన ఫైలు తనే పెట్టుకోవాలట. పూర్వం డ్రైవర్ కూడా ఆ ఏడాది తన మీద పడిన కేసుల లిస్టు రాసివ్వాలి. రికార్డు ఎలాగూ ప్రభుత్వం నుంచే వస్తోంది కదా అని 2022లో ఆ కాగితం తీసేశారు. అక్కడ మాత్రం చదవకుండా సంతకం గీకేసేవాళ్లు ఉండరా అంటే ఉంటారు. కానీ రేపు ప్రమాదం జరిగితే ఆ ఫైలు తీసి చూస్తారు, సంతకం పెట్టినవాడి పేరు అందులో ఉంటుంది. నాకు నచ్చింది అదీ.

మన దగ్గర యజమాని బాధ్యత అసలు లేదని కాదు. మోటారు వాహనాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివాడికి బండి ఇవ్వకూడదు. ఇస్తే 180వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతవరకే. లైసెన్సున్నవాడు ఏడాదంతా ఎలా నడిపాడో చూడాల్సిన పని యజమానికి లేదు. పైగా 2003లో లెహ్రూ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. డ్రైవర్ చూపించిన లైసెన్సు చూడ్డానికి సక్రమంగా ఉండి, మనిషికి బండి నడపడం వస్తే చాలు, అది నిజమైనదా కాదా అని యజమాని ఆర్టీవో ఆఫీసుల చుట్టూ తిరగాలని అనుకోలేం అని. అక్కడ తగువు ఇన్సూరెన్సు కంపెనీ డబ్బులు ఎగ్గొట్టకుండా చూడ్డం గురించి, దాన్ని నేను తప్పు పట్టను. చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం అందాలి. కానీ ఆ రోజుల్లో లైసెన్సు ఎక్కడో నాగపూర్‌లోనో ఒరిస్సాలోనో ఇచ్చింది అయితే కనుక్కోవడం నిజంగానే కష్టం. ఇవాళ సారథి సైట్లో లైసెన్సు నంబరు, పుట్టినతేదీ కొడితే అది ఉందో లేదో, ఏ బండికి పనికొస్తుందో, ఎప్పటిదాకా ఉందో నిమిషంలో వస్తుంది. ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో రోజుకి పదిసార్లు ఫోన్లో చూసుకునేవాళ్లం, ఇదెంత పని?

ఇంకో చిక్కుంది. కెమెరా కొట్టిన చలానా బండి నంబరు మీద పడుతుంది, డ్రైవర్ లైసెన్సు మీద కాదు. యజమాని కట్టేస్తాడు, లేదా కట్టకుండా ఉంచుతాడు. డ్రైవర్ ఇంకో లారీకి మారిపోతే ఆ చరిత్ర పాత లారీతోనే ఉండిపోతుంది. రేపు ఏటా రికార్డు చూడండి అని రూలు పెట్టినా, చూడ్డానికి తెల్లకాగితమే దొరుకుతుంది. లైసెన్సుల జాతీయ రిజిస్టరు గురించి 2019 సవరణలోనే 25ఏ సెక్షన్ పెట్టారు. ఆ సమయంలో బండి తోలింది ఎవరో యజమాని చెప్పి తీరాలి, ఆ చలానా వాడి లైసెన్సుకి ఎక్కాలి. అది జరగనిదే మిగతాదంతా కాగితాల పనే.

శిక్షల విషయంలో మాత్రం మనవాళ్లు డ్రైవర్‌నే గుర్తుపెట్టుకుంటారు. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలని కొత్త న్యాయ సంహితలో 106(2) పెట్టారు. 2024 జనవరి మొదట్లో లారీలు, ట్యాంకర్లు ఆగిపోయి పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టాం, గుర్తుందా? తర్వాత దాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టారు. నెలజీతం, బత్తా మీద బతికే డ్రైవర్‌కి పదేళ్లు రాయడానికి చెయ్యి వచ్చింది గానీ, ఏడాదికోసారి వాడి రికార్డు చూడు అని యజమానికి ఒక్క లైను రాయలేదు.

2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సు తగలబడింది. ఆ తర్వాతే ఆ బస్సు మీద చలానాలెన్ని, డ్రైవర్ చదువెంత అని పేపర్లు రాశాయి. పది రోజులకే నవంబరు 3న చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సు మీదకొచ్చి 19 మంది పోయారు. మళ్లీ కాగితాలు తీయడం మొదలు. అన్నీ జనం పోయాకే.

కిందటేడు మా చేలో లోడెత్తాక రాత్రి పదింటికి డ్రైవర్ కనపడలేదు. క్లీనరు కుర్రాడు తాళం పెట్టాడు. లైసెన్సుందా అబ్బాయ్ అంటే తల దించుకున్నాడు. లారీ తెచ్చిన ఆసామికి ఫోను చేస్తే, "మిల్లు దాకానే కదండీ, ఎల్లిపోతాడులెండి" అన్నాడు. ఆ మిల్లు దాకా రోడ్డుకి ఒకవైపు కాలవ, ఇంకోవైపు ఇళ్లు. నేను ఒప్పుకోలేదు. తెల్లారేదాకా బస్తాలు లారీ మీదే ఉన్నాయి, ముఠావాళ్లు నన్ను తిట్టుకున్నారు.

లారీలున్న స్నేహితులు వెంటనే అనేమాట తెలుసు. "డ్రైవర్లే దొరకట్లేదు బాబాయ్, రికార్డులు చూస్తే ఉన్నోళ్లు కూడా పోతారు." నిజమే, కొరతుంది. కానీ చూడమంటే తీసేయమని కాదు. రాత్రుళ్లు వరసగా తోలి రెండుసార్లు పక్కకి గుద్దినవాడికి రాత్రి ట్రిప్పులు తగ్గించొచ్చు, కళ్లు పరీక్ష చేయించొచ్చు. చూడకపోతే ఇవేవీ చేయలేం. మంచిగా నడిపేవాడికైతే పదేళ్ల శుభ్రమైన రికార్డు చేతిలో ఉంటే జీతం అడగడానికి అదొక బలం.

పౌరసరఫరాల వాళ్లు ధాన్యం రవాణాకి బండి కాగితాలు అడుగుతున్నారు. అందులోనే డ్రైవర్ లైసెన్సు నంబరు, ఈ ఏడాది దాన్ని ఎవరు ఏ తేదీన చూశారు అనే రెండు గడులు కలపమని రైతు సేవా కేంద్రంలో అర్జీ ఇస్తున్నాను. సంతకం చేసేవాళ్లు చెప్పండి. ఈ దాళ్వాకి మాత్రం మా చేలోకొచ్చిన లారీ డ్రైవర్ లైసెన్సు చూశాకే మొదటి బస్తా ఎక్కుతుంది. మీలో లారీలున్నవాళ్లు, మీ దగ్గర ఎలా చూసుకుంటున్నారో కింద రాయండి. తిట్టినా పర్లేదు, విషయం మీదే తిట్టండి.