జాతరకు పోయే బండి వేరు, పడుకునే చోటు వేరు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఒక కుటుంబం నాలుగు రోజులు ఇంటికి తాళం వేసి బయలుదేరిందంటే అది చాలావరకు మొక్కుబడి ప్రయాణమే అయి ఉంటుంది. వేములవాడ రాజన్నకు కోడెను కట్టాలి. కొండగట్టు అంజన్న మొక్కు తీర్చాలి. ధర్మపురిలో గోదావరి స్నానం చేయాలి. రెండేళ్ళకొకసారి మేడారం వెళ్ళి సమ్మక్క, సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, సమర్పించాలి. గల్ఫు దేశం నుండి నెల రోజుల సెలవు మీద కొడుకు వచ్చిన ఇంట్లోనైతే ఈ మొక్కులన్నీ ఆ నెలలోనే తీరాలి. అటువంటప్పుడు ఇంట్లో మొదట లేచే ప్రశ్న దేవుని గురించి కాదు. ఏ బండి మాట్లాడాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నదే.

ఈ రెండు ప్రశ్నలకు పల్లెల్లో చాలామంది ఒకే జవాబు చెప్పుకుంటున్నారు. బండిలోనే పోదాం, బండిలోనే పడుకుందాం అని. డీసీఎం వ్యానుకో, ట్రాక్టరు ట్రాలీకో వెదురు బొంగులు కట్టి, పైన పరదా కప్పి, మధ్యలో చెక్కలు పరిచి మంచె వేస్తారు. కింద బియ్యం మూట, వంట గిన్నెలు, నీళ్ళ డ్రమ్ము, గ్యాసు సిలిండరు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక మూలన యాట. మంచె మీద పిల్లాజెల్లా, ముసలీముతకా. రెండిళ్ళ వాళ్ళు, ఒక్కొక్కప్పుడు వాడకట్టు మొత్తం ఒకే బండిలో సర్దుకుంటారు. గది కిరాయి మిగులుతుంది, సామాను దించే పని ఉండదు, అందరూ ఒకచోట ఉంటారు. ఈ లెక్క పైకి బాగానే కనిపిస్తుంది.

ఇది ఈనాడు పుట్టిన అలవాటు కాదు. మోటారు బండ్లు లేని రోజుల్లో కచ్చురాలు, గూడు బండ్లు కట్టుకుని జాతరలకు పోయిన తరం వాళ్ళు ఇప్పటికీ ఊళ్ళల్లో ఉన్నారు. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద గొంగడి వేస్తే అదే పరుపు. దారిలో చెరువు కట్టో, చింతతోపో కనిపిస్తే ఎద్దులను విప్పి, మూడు రాళ్ళు పెట్టి వండుకునేవారు. తెల్లవాళ్ళ దేశాల్లో ఇల్లులాంటి బండిని కారు వెనుక తగిలించుకుని సెలవులకు పోతారని, దానిని కారవాన్ అంటారని చదువుకున్న పిల్లలు చెబితే ముసలివాళ్ళు నవ్వుకుంటారు. ఆ పని తమ తాతలు ఏనాడో చేశారన్నది వాళ్ళ మాట.

అయితే ఎద్దుల బండికీ డీసీఎంకూ ఒక తేడా ఉంది. ఎద్దు అలిసిపోతే ఆగిపోతుంది. దానికి మేత, నీళ్ళు, నిద్ర ఉంటేగాని బండి కదలదు. కనుక మనుషులు నిద్రపోయే వేళకు ఎద్దులూ నిద్రపోయేవి. మోటారు బండికి ఆ అడ్డు లేదు. అలిసిపోయేది డ్రైవరు ఒక్కడే. అతడు అలిసినా బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది.

జగిత్యాల నుండి మేడారానికి పోవాలంటే సుమారు 200 కిలోమీటర్లు. సారలమ్మ గద్దెకు వచ్చేది బుధవారం, సమ్మక్క వచ్చేది గురువారం, శుక్రవారం మొక్కులు, శనివారం దేవతల వనప్రవేశం. ఈ నాలుగు రోజులూ బండిలో ఉన్నవారు వంతులవారీగా ఎంతో కొంత కునుకు తీస్తారు. డ్రైవరు సంగతి వేరు. పగలు రద్దీలో బండిని అంగుళం అంగుళం జరుపుతాడు. రాత్రి అతని సీటు పక్కన కూడా ఎవరో ఒకరు ఒరిగి ఉంటారు. వంట పొగ, పిల్లల ఏడుపు, చుట్టూ మైకుల మోత. పైగా అవతల ఇంకొక కిరాయి ఒప్పుకున్న యజమాని త్వరగా తిరిగి రమ్మని ఫోను చేస్తుంటాడు. తిరుగు ప్రయాణం శనివారం రాత్రి మొదలవుతుంది. బండి నిండా మొక్కు తీరిన తృప్తితో అందరూ నిద్రలో ఉంటారు. మూడు రాత్రుల నిద్ర బాకీ పడినవాని చేతిలో స్టీరింగు ఉంటుంది. బండిలో పడుకుంటే గది కిరాయి మిగులుతుందని లెక్క వేసేవారు ఈ బాకీని ఏ పద్దులో రాస్తున్నారో తెలియదు.

చట్టం సంగతి కూడా ఊళ్ళల్లో తెలియవలసిన అవసరం ఉంది. డీసీఎం, ట్రాలీ ఆటో, ట్రాక్టరు ట్రాలీ సరుకులు మోయటానికి అనుమతి పొందిన బండ్లు. వీటిలో మనుషులను ఎక్కించటం మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పు. పోలీసు జరిమానా వేస్తే కట్టి ముందుకు పోవచ్చు గాని, ప్రమాదం జరిగితే వచ్చే చిక్కు పెద్దది. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ పరిహారం చెల్లించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పింది. వ్యవసాయ పనులకని బీమా చేసిన ట్రాక్టరు ట్రాలీలో జాతరకు పోయినవారి గతీ అంతే. కొన్ని కేసులలో ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని వద్ద వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశించిన మాట నిజమే. కాని అందుకోసం ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు ఎక్కాలి. బీమా లేనప్పుడు భారమంతా బండి యజమాని మీద పడుతుంది. పల్లెలో ఆ యజమాని కూడా అప్పు చేసి బండి కొన్నవాడే. అతనిని పిండినా వచ్చేది ఏముంటుంది?

అలాగని బస్సు ఎక్కితే చాలు, ఇక భయం లేదనుకోవటం కూడా పొరపాటే. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. పట్టవలసిన వారికి దాదాపు రెట్టింపు మంది ఆ బస్సులో ఉన్నారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బుతిమ్మయ్యపల్లి వంటి ఊళ్ళల్లో ఏడుపు వినిపించని వాడ లేకపోయింది. కనుక బండి ఏదైనా సరే, కూర్చోటానికి సీటు ఉంటేనే ఎక్కాలి. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చిన తర్వాత బస్సుల్లో రద్దీ పెరిగింది. దానికి మందు డీసీఎం ఎక్కటం కాదు. ముప్పై, నలభై మంది కలిసినప్పుడు డిపోకు వెళ్ళి బస్సునే కిరాయికి మాట్లాడుకునే వీలు ఉంది. పది పన్నెండు మంది అయితే సీట్లున్న టెంపో ట్రావెలరు సరిపోతుంది. బస్సులో యాటను, కోళ్ళను ఎక్కనియ్యరన్నది చాలామంది చెప్పే సాకు. మేడారంలో కోడీ, యాటా, బెల్లమూ అక్కడే దొరుకుతాయి. కాస్త ధర ఎక్కువే, కాదనలేము.

ఈ మధ్య డబ్బున్నవారి నోట కారవాన్ల మాట వినిపిస్తున్నది. మంచం, వంటగది, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే బండి. సినిమా తారలకు ఉండే ఈ బండ్లను కొన్ని రాష్ట్రాలు యాత్రికుల కోసం కూడా దించాయి. కేరళ ప్రభుత్వం 2021లో ఇందుకొక పథకమే ప్రకటించింది. గల్ఫులో నాలుగు డబ్బులు సంపాదించి వచ్చిన యువకులు కొందరు పాత వ్యానుకు మంచాలు బిగించి అటువంటిది తయారు చేయించాలని ముచ్చట పడుతున్నారు. ఆ ముచ్చటకు ముందు తెలుసుకోవలసినవి రెండున్నాయి.

మొదటిది ప్రాణం సంగతి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర పట్టణంలో రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు శవాలై కనిపించారు. జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరి వాళ్ళ ప్రాణం తీసిందని నిపుణులు తేల్చారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవానికి అది తెలిసే ప్రశ్నే లేదు. జీపు అద్దాలు బిగించి, ఇంజను నడుపుతూ ఏసీ వేసుకుని పడుకునేవారికి ఉన్న ప్రమాదమూ ఇదే. పరదాలు నాలుగు వైపులా దించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకున్నా అంతే. మేడారం జాతర చలికాలం చివర వస్తుంది. చిన్న పిల్లలున్నారని కుంపటిని బండిలోకి తెచ్చుకునే తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

రెండవది స్థలం సంగతి. కేరళ పథకంలో బండ్లతో పాటు వాటిని నిలపటానికి కారవాన్ పార్కులు కూడా పెట్టారు. నీళ్ళు నింపుకోటానికి కుళాయి, కరెంటు ప్లగ్గు, మురుగు వదలటానికి ఏర్పాటు, రాత్రి కావలి. లక్షలు పోసిన బండి అయినా ఇవి లేకపోతే రెండవ రోజు కంపు కొడుతుంది. అంటే ఎంత ఖరీదైన బండి అయినా దానంతటది ఇల్లు కాలేదు. చెరువు కట్టా, చింతతోపూ ఉన్నాయి కనుకనే తాతల కచ్చురం ఇల్లయింది.

అందుచేత మొక్కుకు పోయేవారు బండినీ బసనూ విడదీసి చూసుకోవటం మంచిది. సిరిసిల్ల నుండి వేములవాడ 12 కిలోమీటర్ల దూరమే. మొక్కులో నిద్ర చేయటం లేకపోతే దర్శనం చేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. జగిత్యాల వారికి కొండగట్టు కూడా అటువంటిదే. నిద్ర చేస్తామని మొక్కుకున్నవారు, కోరుట్ల అవతలి నుండి వచ్చేవారు సోమవారం రద్దీని తప్పించి వస్తే దేవస్థానం గదో, కుల సంఘాల సత్రమో దొరికే అవకాశం ఎక్కువ. మేడారం జాతరకు ముందు వారాలలో మాత్రం రాజన్న దర్శనం చేసుకుని పోవాలనే ఆనవాయితీ వల్ల వేములవాడలో ఏ గదీ ఖాళీ ఉండదు. ఆ రోజుల్లో గుంపంతటికీ గదులు వెతికి విసిగిపోవటం కన్న, అందరూ కలిసి ఒక్క గది తీసుకోవటం మేలు. ఆడవారి స్నానానికి, బాలింతకు, ముసలివారికి, సామానుకు అది చాలు. మగవారు వరండాలో పడుకున్నా తెల్లవారుతుంది.

మేడారంలో గదుల మాట మరచిపోవలసిందే. అక్కడ డేరాయే ఇల్లు. నార్లాపూర్, రెడ్డిగూడెం వైపు చేనులో నాలుగు గుంజలు పాతి పరదా కట్టుకుంటే నాలుగు రోజులు గడుస్తాయి. బస్సులో వెళ్ళినవారు కూడా ఒక పరదా, ఒక తాడు మోసుకుపోలేరా? కట్టుకునేటప్పుడు బండ్లు తిరిగే దారికి దూరంగా కట్టుకోవాలి. ఎండకనీ మంచుకనీ బండి కింద పక్క వేసుకునేవారు ఉన్నారు. చీకట్లో డ్రైవరు లేచి బండి వెనక్కి తీస్తే కింద ఎవరున్నదీ అతనికి కనిపించదు.

ఇంత చెప్పినా, డీసీఎంలో పోయేవారందరూ తెలివిలేనివారని ఎవరైనా అంటే అది అన్యాయం. ఆడపిల్ల చీకటిలో బయటకు పోవటానికి చోటు లేనప్పుడు, సామాను పెట్టుకోటానికి తాళం లేనప్పుడు, అందరూ ఒక బండిని పట్టుకుని ఉండటమే ధైర్యం. తిరుమలలో గది దొరకని భక్తునికి పెద్ద హాలు, సామానుకు లాకరు ఉచితంగా ఇస్తారు. చాప కిరాయికి తీసుకుని నిశ్చింతగా పడుకుంటాడు. మన జిల్లాల క్షేత్రాలలో ఎప్పుడు చూసినా గదుల కాంప్లెక్సుల గురించే మాట్లాడుతారు. గదులు పదుల సంఖ్యలో పెరుగుతాయి, జనం వేలల్లో వస్తారు. ఒక రేకుల షెడ్డు, లాకర్లు, ఆడవారికి తలుపు గడియ పడే మరుగుదొడ్లు, రాత్రంతా వెలిగే దీపాలు ఉంటే చాలామంది బండి దిగుతారు.

2015 గోదావరి పుష్కరాలలో ధర్మపురి దారిలో వాహనాలు కిలోమీటర్ల మేర నిలిచిపోయాయి. రాత్రంతా పసిపిల్లలతో బండ్లలోనే కూర్చున్నవారికి తాగటానికి నీళ్ళు తెచ్చి ఇచ్చినవారు దారి పక్క ఊళ్ళవారే. మళ్ళీ గోదావరి పుష్కరాలు 2027లో. జగిత్యాల నుండి ధర్మపురి పోయే దారిలోనూ, రాయపట్నం వైపూ బండ్లు నిలిపే మైదానాలను ముందే గుర్తించి, బండ్లకు ఒక వైపు, డేరాలకు ఒక వైపు హద్దు గీసి, రెంటికీ నడుమ కంచె వేయించటం పెద్ద ఖర్చు పని కాదు. బోరు, కుళాయిలు, మురుగు కాలువ ముందుగా తవ్వించాలి. చివరి వారంలో తవ్వితే ఏమవుతుందో ఊరిలో ఎవరిని అడిగినా చెబుతారు. దారి వెంట ఉన్న గ్రామ పంచాయతీలు, దేవస్థానం వారు, జిల్లా యంత్రాంగం ఈ పనిని కాగితం మీద నుండి నేల మీదకు తేవలసి ఉంది.

ఇంటివాళ్ళు చేయగలిగినది మాత్రం బండి మాట్లాడే రోజునే చేయాలి. బయానా ఇచ్చేటప్పుడు మగవాళ్ళు కిరాయి గురించి, డీజిల్ గురించి, బేటా గురించి గంటసేపు బేరమాడుతారు. ఆ బేరం దగ్గర ఇంటి ఆడవాళ్ళు కూడా కూర్చుని, బండిలో ఎన్ని సీట్లున్నాయో, రాత్రి డ్రైవరుకు పక్క ఎక్కడ వేస్తారో అడగాలి. డేరాలో ఒక మూల అతనిదని చెప్పి, తెల్లవారే దాకా అతని చేతికి తాళంచెవి ఇవ్వకూడదు.