తొలి గంట క్షతగాత్రునిది

రహదారిపై మోటారు ప్రమాదము జరిగినప్పుడు జనము గుమిగూడుట మనమందరము చూచినదే. “అయ్యో పాపము” అనని వారుండరు. కాని “ఆసుపత్రికి నేను చేర్చెదను” అని ముందుకు వచ్చువారు అరుదు. దీనికి కారణము దయ లేకపోవుట కాదు, భయము. పోలీసువారు పేరు వ్రాసికొందురేమో, కోర్టుల చుట్టును తిరుగవలసి వచ్చునేమో, ఆసుపత్రివారు డబ్బు కట్టుమందురేమో యను భయము.

ఈ భయము ఊరక పుట్టినది కాదు. పూర్వమొకప్పుడు కారు ఢీకొని గాయపడిన స్కూటరు చోదకుని ఒక ఉపకారి దగ్గరనున్న ఆసుపత్రికి చేర్చెను. పోలీసు కేసులు తాము చూడరాదని చెప్పి, అచ్చటివారు 20 కిలోమీటర్ల దూరమందలి వేరొక ఆసుపత్రికి పొమ్మనిరి. ఆ అభాగ్యుడు దారిలోనే మరణించెను. ఈ ఉదంతముపై పరమానంద కటారా అను మానవ హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టు నాశ్రయించెను. ప్రభుత్వ వైద్యుడైనను, ప్రైవేటు వైద్యుడైనను ముందు ప్రాణము కాపాడవలెనని, చట్టపు లాంఛనములు చికిత్స కడ్డు రారాదని 1989లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది.

2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము సద్బుద్ధితో సాయపడిన వానికి రక్షణ కల్పించినది. పేరు, చిరునామా చెప్పుమని ఆతనిని నిర్బంధింపరాదు. సాక్ష్యమిచ్చుట ఆతని ఇష్టము. గాయపడినవారి చికిత్స వ్యయమునకును ఒక ఏర్పాటు జరిగినది. 2025 మే నెలలో ప్రకటింపబడిన పథకము ననుసరించి, నిర్ణీత ఆసుపత్రులలో 7 దినముల వరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, రొక్కము చెల్లింపకయే వైద్యము పొందవచ్చును.

అయినను చట్టము పుస్తకములో నున్నంత మాత్రమున గాయము మానదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. సాయపడువారి హక్కుల పట్టికను ప్రతి ఆసుపత్రియు స్థానిక భాషలో ద్వారమువద్ద ప్రదర్శింపవలెనని 2020 నాటి నియమములు చెప్పుచున్నవి. మీ ఊరి ఆసుపత్రిలో అది కనబడనిచో, ఎందుకు లేదని అడుగుట మీ హక్కు. అడుగువారు లేనిచోట నియమము నిద్రించును.

ఇక చేయవలసినది స్వల్పము. 108కి గాని 112కి గాని వెంటనే ఫోను చేయుడు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుడు. కాళ్లు చేతులు పట్టి లేవనెత్తి బండిలో వేయకుడు; మెడ, వెన్నెముక కదలినచో హాని హెచ్చును. స్పృహ లేనివాని నోట నీరు పోయకుడు. లేచి నడచినవానిని సైతము వైద్యునికి చూపవలెను. తలకు తగిలిన దెబ్బ, లోపలి రక్తస్రావము వెంటనే బయటపడకపోవచ్చును.

ప్రమాదానంతరము తొలి గంటలో అందిన చికిత్సయే ప్రాణము నిలుపుటకు మిక్కిలి అనుకూలము. ఆ గంట పోలీసులది కాదు, కాగితములది కాదు, క్షతగాత్రునిది. దానిని చూచుచు నిలిచి పోగొట్టు హక్కు మనకు లేదు.