18 దాటిన ఆటిజం పిల్లలకు పని ఎక్కడ?

తెల్లాపూర్, నల్లగండ్ల వైపు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ బోర్డులు చాలానే కనిపిస్తాయి. మూడేళ్ల బాబు మాట్లాడట్లేదంటే తీసుకెళ్లడానికి చోటుంది. అదే బాబుకి 20 ఏళ్లొస్తే? స్కూలు అయిపోతుంది, థెరపీ ఆగిపోతుంది, రోజంతా ఫోన్ పట్టుకుని ఇంట్లోనే ఉంటాడు. ఆడపిల్లయితే ఆ గుమ్మం దాటడం ఇంకా కష్టం.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లందరికీ కలిపి వచ్చేది 1 శాతం. ప్రైవేటు కంపెనీలు 5 శాతం మందిని తీసుకుంటే ప్రోత్సాహకాలివ్వాలని చట్టం చెప్పింది కానీ, తీసుకోవాల్సిందేనని బలవంతం లేదు. తెల్లాపూర్ చుట్టుపక్కల ఉన్న కొలువులేమో దాదాపు అన్నీ ప్రైవేటువే. ఇక మిగిలింది పెన్షన్, నెలకు రూ.4,016. ఏడాదికి లెక్కేస్తే రూ.48,192. దాంతో ఓ మనిషి బతుకు గడవదు.

ఐటీ కంపెనీలు అసలు ముందుకు రాలేదని కాదు. ఆటిజం ఉన్నవాళ్లను ప్రత్యేకంగా తీసుకునే కార్యక్రమాన్ని ఎస్‌ఏపీ 2013లో ప్రకటించింది, మైక్రోసాఫ్ట్ 2015లో అమెరికాలో మొదలుపెట్టింది. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కోడింగ్ చేయగలిగేది కొందరే. ‘మై నేమ్ ఈజ్ ఖాన్’ చూసినవాళ్లు ప్రతి ఆటిజం పిల్లాడిలో ఏదో మహా ప్రతిభ ఉంటుందనుకుంటారు. అది కనిపించకపోతే ఇక దేనికీ పనికిరాడని తేల్చేస్తారు. ఈ రెండిటి మధ్యలో ఉన్న పిల్లలే ఎక్కువ, వాళ్ల గురించే మాట్లాడేవాళ్లు తక్కువ.

శిక్షణ పేరుతో చాలా చోట్ల చేయించేది కొవ్వొత్తులు, కవర్లు, దీపాలు. పండక్కి స్టాల్ పెడతారు, జనం జాలితో కొంటారు, మళ్లీ ఏడాది దాకా ఎవరూ అడగరు. అది ఉద్యోగం ఎలా అవుతుంది? లెమన్ ట్రీ హోటళ్లు వికలాంగులను మామూలు సిబ్బందిగానే పెట్టుకుంటున్నాయి. వికలాంగులే నడిపే మిట్టీ కేఫ్ 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆవరణలోనే తెరుచుకుంది. రెండు చోట్లా పని నిజం, కస్టమర్ నిజం.

అలాంటి పని నిలబడాలంటే శిక్షణ కూడా పని జరిగే చోటే జరగాలి. నేర్పే మనిషి మొదటి నెలలు పక్కనే ఉండి, పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, బొమ్మల చార్టు గోడకు అతికించి, తర్వాత మెల్లగా తప్పుకోవాలి. రోజూ అదే టైమ్, అదే చోటు, తక్కువ శబ్దం ఉండాలి. బస్సెక్కి రావడం కూడా నేర్పాల్సిందే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, చాలామంది ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. దేశమంతా ఆటిజంను కొలిచే 40 ప్రశ్నల స్కేలు అక్కడే తయారైంది. తెల్లాపూర్ నుంచి రోజూ అక్కడికి వెళ్లి రావడమంటే సగం రోజు రోడ్డు మీదే. నేర్పేవాళ్లనే ఇటు రప్పించుకోవాలి. ఆఫీసు క్యాంటీన్లు, అపార్టుమెంట్ల పార్సెల్ గదులు, నర్సరీలు, లాండ్రీలు ఇక్కడ ఎన్ని లేవు! మన బేకరీల్లో బిస్కెట్లు తూకం వేసి డబ్బాల్లో సర్దే పని, రంజాన్ ముందు ఖర్జూరం ప్యాకింగ్ పని ఇలాంటి పిల్లలు శ్రద్ధగా చేయగలరు. జీతం మాత్రం సదఖా లెక్కలో కాదు, చేసిన పనికి వాళ్ల ఖాతాలోనే పడాలి.

14, 15 ఏళ్లకే మొదలుపెడితే మేలు. యూడీఐడీ కార్డు ముందే చేయించుకోండి. 18 నిండితే పిల్లల తరఫున సంతకం పెట్టే హక్కు తల్లిదండ్రులకు ఆటోమేటిక్‌గా ఉండదని చాలామందికి బ్యాంకుకు వెళ్లాకే తెలుస్తోంది. సొంతంగా నిర్ణయాలు తీసుకోగలిగినవాళ్లకు గార్డియన్ అక్కర్లేదు. అవసరమైనవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ నియమిస్తుంది. అమ్మీ, అబ్బా తర్వాత ఎవరు చూస్తారన్న భయం ఉన్న ఇళ్లు ఈ పని వాయిదా వేయకూడదు. తెల్లాపూర్ హైదరాబాద్‌లో కలిసిపోయినట్టు కనిపిస్తుంది గానీ, రెవెన్యూ లెక్కల్లో సంగారెడ్డి జిల్లా. దరఖాస్తుతో వెళ్లాల్సింది అక్కడికే.