నెలకొక్క రోజైనా కోయిలకుంట్లకు

మొన్న సోమవారం ఓపీలో కోయిలకుంట్ల నుంచి వచ్చిన ఒకమ్మ కొంగు ముడి విప్పి ఖాళీ మాత్రల అట్ట చూపించింది. “ఇవి అయిపోయి ఇరవై దినాలైంది సారూ. శనగ కోతలు, కూలి ఇడిసి ఎట్లొస్తాం?” పక్కన కొడుకు నేలకేసి చూస్తూ ఎవరితోనో గొణుగుతున్నాడు. ఆర్నెల్లు కష్టపడి నిలబెట్టిన మనిషి మళ్లీ మొదటికొచ్చాడు.

నాదీ ఆ ఊరే. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. ఉన్నవాళ్లలో ఎక్కువమందిమి పట్నాల్లోనే ఉన్నాం. సైకోసిస్‌ అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది.

కొత్త డాక్టర్లు తయారయ్యేదాకా ఆగక్కర్లేదు. మన పక్కనే బళ్లారిలో 1980లలోనే బెంగళూరు నిమ్హాన్స్‌ ఆసుపత్రి వాళ్లు పీహెచ్‌సీ డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, వైద్యం ఊళ్ల దగ్గరే అందేలా చేసి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 14416కు ఫోన్‌ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌ వాళ్లు పలుకుతారు, మంచిదే. కానీ ఫోను మాత్ర మింగించలేదు. నెలకొకసారి ఒక సైకియాట్రిస్టు కోయిలకుంట్ల ప్రభుత్వాసుపత్రిలో కూర్చోవాలి. మాత్రలు అక్కడే ఇవ్వాలి. రానివాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి అడగాలి.

ఈసారి రెండు నెలలకు రాసిచ్చాను. ఆమె మాత్రలు కొంగున ముడేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని బస్సుకు పరిగెత్తింది.