ఈత పోటీ బెజవాడలో, గట్టు మీద మనిషి మన ఊళ్ళో



బెజవాడ కృష్ణలో ఈత పోటీ జరిగిందని పేపర్లో వస్తే మన పర్చూరు వైపు అరుగుల మీద వినపడే మాట ఒకటే. "ఇక్కడ మిరపకి ఆఖరి తడి పెట్టుకుందామంటే కాలవలో నీళ్ళు లేవు, వాళ్ళకి ఈతలు కావాల్సొచ్చిందా?" అని. సాగర్ కుడి కాలవ చివరి భూములోళ్ళం కాబట్టి ఆ కడుపుమంటలో న్యాయం ఉంది. కానీ ఈతగాడు ఏట్లో దిగి ఒడ్డుకి చేరితే నీళ్ళు చెంబుడు కూడా తగ్గవు. మన తడికీ వాళ్ళ ఈతకీ పోటీ లేదు. పైగా ఆ ఈత దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అది పతకం కాదు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు అక్కడ ఏం జరుగుతుందో చూద్దాం. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. గేట్లు దించి ఉన్నన్నాళ్ళు దాని ఎగువన కృష్ణ పెద్ద చెరువులాగా నిలబడి ఉంటుంది. అందుకే ఊరి పక్కనే పొద్దున్నే ఈత కొట్టేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళల్లో ఆక్వా డెవిల్స్ అనే సంఘం ఉంది. దుర్గా ఘాట్ దగ్గర మొదలుపెట్టి కిలోమీటరున్నర దాకా ఈదే 'కృష్ణా రివర్ క్రాస్' పోటీ వీళ్ళు పెడుతుంటారు. చిన్నపిల్లల దగ్గర్నుంచి తలపండినోళ్ళ దాకా దిగుతారు.

కిలోమీటరున్నరేగా అనుకోవద్దు. ఈత కొలనులో యాభై మీటర్లకొకసారి గోడ తగులుతుంది, పట్టుకుని ఊపిరి పీల్చుకోవచ్చు. ఏట్లో గోడ ఉండదు. అడుగు కనపడదు. గాలొస్తే అల మొహాన కొడుతుంది. తలెత్తి చూసుకోకపోతే ఎటు పోతున్నామో తెలియదు. దమ్ము అయిపోయినా ఆగి నిలబడటానికి చోటుండదు.

అలాంటి చోట వందలమందిని దింపి అందర్నీ తిరిగి ఒడ్డుకెక్కించాలంటే ఏం కావాలి? ఇలాంటి పోటీలు సక్రమంగా నడిపేచోట పద్ధతి ఇలా ఉంటుంది. దిగేముందు పేరు, నంబరు రాసుకుంటారు. నెత్తిన దూరానికి కనపడే రంగు టోపీ పెడతారు. పక్కన పడవలుంటాయి, వాటిల్లో ఈతొచ్చిన మనుషులు, లైఫ్ జాకెట్లు, తాళ్ళు ఉంటాయి. గాలి, ప్రవాహం బాగోకపోతే పోటీ ఆపేస్తారు. చివర్లో దిగినవాళ్ళెందరో ఎక్కినవాళ్ళెందరో లెక్క సరిపోవాలి. ఒక్క తల తగ్గినా పని అయిపోయినట్టు కాదు. నన్నడిగితే ఈ లెక్కే అసలు సంగతి, మిగతాదంతా ఆ తర్వాత.

పెద్ద ఈతల్లో కూడా ఇంతే. సామర్లకోట ఆడబిడ్డ గోలి శ్యామల నలభై దాటాక, నీళ్ళంటే ఉన్న భయం పోగొట్టుకోవటానికి ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. విజయవాడ పోలీసు శాఖలో పనిచేసే తులసీ చైతన్య కూడా ఆ జలసంధి దాటినవాడే. బెంగాల్లో భాగీరథి నదిలో ముర్షిదాబాద్ దగ్గర ఏకంగా 81 కిలోమీటర్ల పోటీ పెడతారు. ఇంత మొనగాళ్ళు కూడా పక్కన పడవ లేకుండా దిగరు. ఈత రానోడికి పడవ ఎందుకు అనుకుంటాం గానీ, ఈత బాగా వచ్చినోడే పడవ కావాలని అడుగుతాడు.

ఇప్పుడు అదే కృష్ణలో ఇంకో రోజు గుర్తుచేస్తాను. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం చూద్దామని పోయిన పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది మన ఒంగోలు వాళ్ళే. ఆ పడవకి అనుమతి లేదు, ఎక్కినోళ్ళ ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. ఏరు అదే, నీళ్ళు అవే. ఒకచోట ఆరేడేళ్ళ పిల్లలు కూడా ఈది ఒడ్డుకెక్కుతున్నారు, ఇంకోచోట పెద్దోళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తేడా అంతా పద్ధతిలో ఉంది.

మన ఊళ్ళకొద్దాం. ఒకప్పుడు మన దగ్గర ఈత నేర్పటానికి సంఘాలు లేవు గానీ పద్ధతి ఉంది. పిల్లోడి నడుముకి తాడు కట్టి దిగుడుబావిలోకి దించేవాళ్ళు, లేకపోతే వీపుకి బెండ్లు కట్టేవాళ్ళు. తాడు రెండో కొస బావి గట్టు మీద నాన్న చేతిలోనో మామయ్య చేతిలోనో ఉండేది. ఆ గట్టు మీద మనిషే మన సేఫ్టీ బోటు. ఇవాళ బావులు పూడ్చేశాం, బోర్లు వేసుకున్నాం. ఈత నేర్పే చోటు పోయింది, నేర్పే మనిషికి తీరికా పోయింది. కానీ నీళ్ళు మాత్రం పోలేదు. కాలవలున్నాయి, మందు కొట్టటానికి తవ్వుకున్న కుంటలున్నాయి, మట్టి తోలిన గోతులు వానకి నిండి ఉన్నాయి, నాలుగు వానలు పడితే పర్చూరు వాగు ఉంది. ప్రమాదం అట్టే ఉంది, దాన్ని దాటే విద్య ఒక్కటే మాయమైంది.

ఏటా ఎండాకాలం సెలవుల్లో పేపర్ తిరగేయండి. ఈతకెళ్ళి ఇద్దరు, ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు, ఈ వార్త లేని సంవత్సరం ఉందా? ప్రపంచం మొత్తం మీద ఏడాదికి దాదాపు మూడు లక్షలమంది మునిగి చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇది చూసే ఐక్యరాజ్యసమితి 2021లో జులై 25ని మునక మరణాల నివారణ దినంగా పెట్టింది. మనకేమో ఆ రోజుల్లో పత్తి గింజల గొడవ తప్ప ఇంకోటి గుర్తుండదు.

"ఈత నేర్పితే పిల్లలకి మొండి ధైర్యం వస్తుంది, ఇంకా ఎక్కువగా కాలవల్లో దూకుతారు" అనే పెద్దలున్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. ఉత్త ఈత ఒక్కటే నేర్పితే అది జరుగుతుంది. అందుకే నేను ఈత నేర్పండి అనటంలా, పద్ధతితో సహా నేర్పండి అంటున్నా. ఒంటరిగా దిగకూడదు, గట్టు మీద పెద్దమనిషి లేకుండా దిగకూడదు, తూము దగ్గర దిగకూడదు, నీటిమట్టం పెరిగే రోజు దిగకూడదు. ఈ నాలుగూ చేతులు కాళ్ళు ఆడించటం కన్నా ముందు నేర్పాలి. దిగొద్దని తిట్టి వదిలేస్తే ఆగే పిల్లలైతే ఈ వార్తలు వచ్చేవే కాదు.

ఇంకో లాభం కూడా ఉంది. మనుషులు రోజూ దిగే నీళ్ళ మీద జనానికి కన్ను ఉంటుంది. పారిస్‌లో సెన్ నదిలో 1923లో ఈత నిషేధించారు. 2024 ఒలింపిక్స్‌లో పది కిలోమీటర్ల ఈత అందులో పెట్టాలని దాదాపు 140 కోట్ల యూరోలు పెట్టి మురుగు నదిలో కలవకుండా పనులు చేశారు. అయినా వానలు పడి నీళ్ళు పాడైతే ట్రయథ్లాన్ పోటీని ఒకరోజు వాయిదా వేయాల్సొచ్చింది. 2025 జులైలో మామూలు జనానికి కూడా మూడు చోట్ల ఈతకి తెరిచారు. ఈతగాడి ఒళ్ళు దురదపెడితే గొడవ చేస్తాడు, ఆ గొడవ నీళ్ళు తాగేవాళ్ళందరికీ మంచిది. కాలవ చివర కూర్చుని పైనుంచి ఏదొస్తే అది చెరువుకి పెట్టుకుని తాగే మనకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మరి మనం ఏం చెయ్యొచ్చు? లక్షలు అక్కర్లేదు.

ఒకటి, ఊళ్ళో ఈత బాగా వచ్చిన నలుగురు పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు పోకముందే వేసవిలో నెల రోజులు పిల్లలకి నేర్పమని అడగండి. మంచినీళ్ళ చెరువులో మాత్రం వద్దు. మెట్లున్న, లోతు తెలిసిన చోటు ఒకటి పంచాయతీ ఒప్పుకుంటేనే ఎంచుకోండి. ఆడపిల్లలకి వేరే వేళ పెట్టండి, వాళ్ళని వదిలెయ్యొద్దు. దిగిన పేర్లు రాయండి, ఎక్కాక లెక్క చూడండి.

రెండు, పొలంలో కుంట ఉన్న ప్రతివాళ్ళూ గట్టు మీద ఒక మోకు, మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను కట్టి ఉంచండి. మన నల్లరేగడి గట్టు తడిస్తే సబ్బులా జారుతుంది, పడినోడు ఎక్కలేడు. ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటైతే ఇక చెప్పేదే లేదు. ఒక వైపు ముడులు వేసిన తాడు లోపలికి వేలాడదీయండి.

మూడు, మునుగుతున్నవాణ్ణి చూసి దూకొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. వాడు మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు. మోకు, క్యాను, పంచె, చీర, కర్ర ఏది దొరికితే అది అందించి, మీరు గట్టు మీద పడుకుని లాగండి. కేకేసి నలుగుర్ని పిలవండి, 108కి ఫోన్ చెయ్యండి.

మోటారు కాలితే వెయ్యి, రెండు వేలు లెక్కచూడకుండా పెడతాం. మోకు, క్యాను కలిపితే అందులో సగం కూడా కాదు. మిరప కోతల్లోకి దిగకముందే ఆ పని కానివ్వండి. కోతలైపోయేసరికి ఎండలు ముదురుతాయి, పిల్లలకి సెలవులు ఇస్తారు.